2050 వాతావరణం గురించి సైన్స్ ఎంతవరకు చెప్పగలదు? నల్లగొండ, పాలమూరు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

రైతు వేదికల్లో, డిగ్రీ కాలేజీల్లో వాతావరణ మార్పు గురించి మాట్లాడినప్పుడల్లా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతుంటాయి. అడిగేవాళ్లలో పత్తి రైతులు, బత్తాయి తోటలవాళ్లు, గ్రూప్స్‌కు చదివే పిల్లలు, సాగర్ ఆయకట్టు కింద వరి పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లందరి కోసం జవాబులు ఒకచోట పెడుతున్నాను. వాతావరణ అంచనాల్లో గట్టిగా నమ్మదగ్గవి కొన్ని ఉన్నాయి, "ఇంత నుంచి ఇంత వరకు" అని మాత్రమే తీసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపేస్తే ఒకరు అన్నీ అబద్ధమంటారు, ఇంకొకరు అంతా అయిపోయిందని టెన్షన్ పడతారు. అందుకే ప్రతి జవాబులో ఏది ఏ రకమో చెప్పడానికి ప్రయత్నించాను.

రేపు వాన పడుతుందో లేదో సరిగ్గా చెప్పలేనివాళ్లు 2050 గురించి ఎట్లా చెబుతారు?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా.

వచ్చే ఏడాది మే 17న దేవరకొండలో ఎండ దంచుతుందా, గాలిదుమారం వచ్చి చల్లబడుతుందా అంటే ఎవరూ చెప్పలేరు. కానీ వచ్చే మే నెల సగటు, డిసెంబర్ సగటు కంటే చాలా ఎక్కువగా ఉంటుందని చిన్నపిల్లలు కూడా చెబుతారు. మే నెలలో సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు, భూమికి చేరే వేడి పెరుగుతుంది. లోపలికి వచ్చే వేడి ఎంత, బయటికి పోయే వేడి ఎంత అన్న లెక్క మీద ఆ సగటు ఆధారపడి ఉంటుంది. 2050 అంచనా కూడా ఈ రెండో రకం లెక్కే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే బయటికి పోయే వేడి తగ్గుతుంది కాబట్టి సగటు పైకి జరుగుతుంది.

రేపటి వాన లెక్క వేరు. ఈ క్షణంలో గాలి, తేమ, పీడనం ఎక్కడ ఎంత ఉన్నాయో కచ్చితంగా తెలిస్తేనే అది తేలుతుంది. మొదట్లో చిన్న తేడా ఉన్నా కొద్దిరోజుల్లో అది పెద్దదై అంచనా మొత్తం తారుమారవుతుందని అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లోనే చూపించాడు. రోజువారీ అంచనాకు రెండు వారాలు దాటితే పట్టు ఉండకపోవడానికి కారణం అదే. వీటి మధ్యలో మూడోది ఒకటి ఉంది. ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ "ఈసారి వానాకాలం సాధారణం" అనో "తక్కువ" అనో చెబుతుంది కదా, అది సీజన్ అంచనా. పసిఫిక్ సముద్రంలో ఎల్ నినో (అక్కడి నీళ్లు మామూలు కంటే వేడెక్కే స్థితి) ఉందా లేదా అన్నది అందులో పెద్ద పాత్ర పోషిస్తుంది. విత్తనం పెట్టడానికి రోజువారీ అంచనా కావాలి, ఏ పంట వేయాలో ఆలోచించడానికి సీజన్ అంచనా కావాలి. బత్తాయి తోట పెట్టాలన్నా, చెరువు కట్ట ఎత్తు పెంచాలన్నా ముప్ఫై ఏళ్ల అంచనా చూడాలి.

ఈ లెక్కలు ఈమధ్యే పుట్టాయా?

చాలా పాతవి. 1859లో జాన్ టిండాల్ ఏ వాయువులు వేడిని పట్టుకుంటాయో ప్రయోగాలతో కొలిచాడు. అంతకు మూడేళ్ల ముందే అమెరికాలో యూనిస్ ఫూట్ అనే మహిళ కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని చూపింది. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని చేత్తో లెక్కగట్టాడు. ఇప్పటి అంచనాతో పోలిస్తే అది ఎక్కువే, కానీ దిశ తప్పలేదు.

అసలు మలుపు 1967లో వచ్చింది. సుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ కలిసి కంప్యూటర్ మీద వేసిన లెక్కలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపుకు 2.3 డిగ్రీలు అని తేలింది. దాంతోపాటు వాళ్లు ఇంకో మాట చెప్పారు: నేలకు దగ్గరి గాలి వేడెక్కుతుంటే, చాలా పైన ఉండే స్ట్రాటోస్ఫియర్ పొర చల్లబడుతుంది. సూర్యుడి తీవ్రత పెరగడం వల్లే భూమి వేడెక్కుతుంటే పై పొర కూడా వేడెక్కాలి. తర్వాత దశాబ్దాల్లో ఉపగ్రహాలు కొలిస్తే పై పొర నిజంగానే చల్లబడింది. "ఇదంతా సూర్యుడి వల్లే" అనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ సంగతే. మనాబేకు 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

మోడల్ అంటే ఏమిటి? లోపల ఏం జరుగుతుంది?

భూమి మీది గాలిని, సముద్రాన్ని గడులుగా కోసి, ఒక్కో గడిలో భౌతిక శాస్త్ర సూత్రాలతో లెక్క కట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్. గతంలో జరిగినదాన్ని గీత గీసి ముందుకు పొడిగించడం అనుకుంటారు చాలామంది. అది పొరపాటు.

ఒక గడిని దగ్గరగా చూద్దాం. ప్రపంచం మొత్తానికి వాడే మోడళ్లలో చాలావాటికి గడి ఒక్కో వైపు సుమారు 100 కిలోమీటర్లు ఉంటుంది. ఆ లెక్కన ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలు రెండూ కలిపి మూడు నాలుగు గడుల్లో అయిపోతాయి. అమ్రాబాద్ అడవి, దేవరకొండ చెల్కలు, సాగర్ నీళ్లు ఒకే గడిలో పడి సగటైపోవచ్చు. సుమారు అరగంటకోసారి ప్రోగ్రామ్ ఆ గడి దగ్గరికి వస్తుంది. ఎండ ఎంత పడింది, అందులో నేల ఎంత పీల్చుకుంది, మట్టిలో తేమ ఎంత మిగిలింది, ఆ తేమలో ఎంత ఆవిరైంది, పక్క గడి నుంచి గాలి ఎంత వచ్చింది, పైపైకి పేర్చిన పొరల్లో ఏది చల్లబడి మేఘమైంది... అన్నీ లెక్కగట్టి పక్క గడులకు అందిస్తుంది. ఇలా వందేళ్లు నడిపిస్తారు.

చిక్కంతా మేఘం దగ్గరే. సాయంత్రం పూట కల్వకుర్తి వైపు కమ్ముకొచ్చే ఉరుముల మబ్బు నాలుగైదు కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. వంద కిలోమీటర్ల గడికి అది కనపడనే కనపడదు. అందుకే "గడిలో ఇంత తేమ, ఇంత వేడి ఉంటే సగటున ఇంత మేఘం, ఇంత వాన" అని ఒక సూత్రం పెట్టుకుంటారు. ఒక్కో దేశపు మోడల్‌లో ఆ సూత్రం ఒక్కో రకంగా ఉంటుంది. వాన అంచనాల్లో తేడాలు ఎక్కువగా అక్కడి నుంచే పుడతాయి.

పాత అంచనాలు నిజమయ్యాయా? ఎవరైనా సరిచూశారా?

చూశారు. 1970 నుంచి 2007 వరకు వెలువడిన 17 అంచనాలను ఆ తర్వాత నిజంగా నమోదైన ఉష్ణోగ్రతలతో పోల్చిన అధ్యయనం 2019 చివర్లో వచ్చింది. పదిహేడింటిలో 10 సరిపోయాయి. మనుషులు ఎంత బొగ్గు, చమురు కాల్చుతారన్న ఊహలో జరిగిన తప్పును సవరించి చూస్తే 14 సరిపోయాయి. 1988లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ ఇచ్చిన ప్రసిద్ధమైన అంచనా అసలు కంటే ఎక్కువ వేడి చూపింది. అందులో ఒక భాగం మోడల్ లోపం, ఇంకో భాగం వాయువుల గురించి ముందుగా వేసుకున్న ఊహ.

అదే హాన్సెన్ బృందం ఇంకో పరీక్షలో నెగ్గింది. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలింది. అది ఎగజిమ్మిన గంధక వాయువుతో ఏర్పడే సన్నని కణాల పొర వల్ల భూమి సుమారు అర డిగ్రీ చల్లబడుతుందని, కొన్నేళ్లలో మళ్లీ కోలుకుంటుందని వాళ్లు ముందే ప్రకటించారు. దాదాపు అలాగే జరిగింది. జరగకముందే చెప్పి, తర్వాత కొలిచి చూడడం కంటే గట్టి పరీక్ష సైన్స్‌లో లేదు.

మరి ఒక్క అంకె చెప్పకుండా "ఇంత నుంచి ఇంత" అంటారెందుకు?

రెండు వేరువేరు కారణాలున్నాయి. మొదటిది సైన్స్‌కు సంబంధించింది, రెండోది మనుషులకు సంబంధించింది.

కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే చివరికి ఎన్ని డిగ్రీలు? 1979లో జూల్ చార్నీ నాయకత్వంలోని కమిటీ 1.5 నుంచి 4.5 వరకు అంది. కంప్యూటర్ల శక్తి ఎన్నో రెట్లు పెరిగినా నలభై ఏళ్లు ఆ రేంజ్ పెద్దగా కదలలేదు. 2021లో ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) ఆరో నివేదిక దాన్ని 2.5 నుంచి 4 వరకు కుదించి, అత్యుత్తమ అంచనా 3 అని చెప్పింది. ఈ పురోగతి మోడళ్ల వల్ల మాత్రమే రాలేదు. మంచుయుగాల నాటి ఆధారాలు, గత నూటయాభై ఏళ్ల కొలతలు, ఉపగ్రహాలతో మేఘాల పరిశీలన, ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూసి రేంజ్ తగ్గించారు. ఆ సమయంలోనే కొన్ని కొత్త మోడళ్లు మరీ ఎక్కువ వేడి చూపించాయి. మేఘాలను లెక్కగట్టే తీరులోనే సమస్య ఉందని గుర్తించి, వాటి ఫలితాలను ఉన్నవి ఉన్నట్టు సగటు తీయకుండా తూకం వేసి వాడారు. తమ పరికరాన్ని తామే అనుమానించి సరిదిద్దుకోవడం చూసినప్పుడే ఈ రంగం మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక మనుషుల సంగతి. రేపటి తరం ఎంత బొగ్గు కాలుస్తుందో ఏ సూపర్ కంప్యూటర్ చెప్పలేదు. అందుకే కొన్ని దారులు ఊహించుకుని, ఒక్కో దారికి ఒక్కో లెక్క వేస్తారు. పత్రికల్లో కనపడే ఎస్‌ఎస్‌పీ 1-2.6, 2-4.5, 5-8.5 అనే పేర్లు ఆ దారులవే. చివరిది అన్నింటికంటే ఘోరమైన దారి, ఇప్పుడు దాని అవకాశం తక్కువని చాలామంది నిపుణులు భావిస్తున్నారు. అయినా "2100కి ఇంత ఘోరం" అనే హెడ్డింగులు ఎక్కువగా దాని నుంచే వస్తాయి. ఇప్పుడు దేశాలు అమలు చేస్తున్న విధానాలతోనే సాగితే శతాబ్దం చివరికి ప్రపంచ సగటు పెరుగుదల 3 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుందని లెక్క.

మన దేశం సొంతంగా ఏమైనా చేస్తోందా?

చేస్తోంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ సొంత మోడల్ తయారుచేసి, ఐపీసీసీ ఆరో నివేదికకు ఆధారమైన అంతర్జాతీయ పోలికలో పాల్గొంది. మన దేశం నుంచి అలా వెళ్లిన మొదటి మోడల్ అదే. రుతుపవనాలు మన అవసరం కాబట్టి వాటిని మనమే బాగా పట్టుకోవాలి. 2020లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ భారత ప్రాంతం మీద ఒక నివేదిక ఇచ్చింది. 1901 నుంచి 2018 వరకు దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని, అత్యధిక ఉద్గారాల దారిలో శతాబ్దం చివరికి 1976–2005 సగటుపై సుమారు 4.4 డిగ్రీలు పెరగవచ్చని అందులో ఉంది. ప్రపంచ సగటు కంటే మన పెరుగుదల ఇప్పటిదాకా తక్కువే. గాలిలోని పొగ, ధూళి కణాలు ఎండను కొంత ఆపడం, సాగునీటి విస్తీర్ణం పెరగడం అందుకు కారణాలని శాస్త్రవేత్తల వివరణ. గాలి శుభ్రమైనకొద్దీ ఆ అడ్డు తొలగుతుంది.

మా మండలానికి వానలు పెరుగుతాయా, తగ్గుతాయా?

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఇది పాఠ్యపుస్తకంలోని భౌతిక శాస్త్రం. దీని నుంచి వచ్చే ఫలితం మీద పెద్దగా వివాదం లేదు: పడ్డప్పుడు కుండపోతగా పడే రోజులు పెరుగుతాయి. దక్షిణాసియా రుతుపవనాల మొత్తం వాన శతాబ్దం రెండో సగంలో పెరుగుతుందని ఎక్కువ మోడళ్లు చెబుతున్నాయి, ఏడాదికీ ఏడాదికీ తేడా కూడా పెరుగుతుందంటున్నాయి. కానీ గతం దీనికి ఎదురుగా ఉంది. 1951–2015 మధ్య దేశంలో జూన్–సెప్టెంబర్ వాన సుమారు 6 శాతం తగ్గింది. పొగ, ధూళి కణాల ప్రభావం అందులో పెద్దదని వివరణ. వేడి ఒకవైపు, ధూళి ఒకవైపు లాగుతున్నాయి కాబట్టి రాబోయే ఇరవై ముప్ఫై ఏళ్ల వాన గురించి ఎవరైనా ఒకే అంకె చెబితే నమ్మొద్దు.

మండలం స్థాయికి వస్తే ఇంకా తగ్గి మాట్లాడాలి. పెద్ద గడుల ఫలితాన్ని తీసుకుని చిన్న గడుల ప్రాంతీయ మోడల్‌లో మళ్లీ నడిపిస్తారు. దక్షిణాసియాకు ఇలా చేసిన లెక్కలు ఉన్నాయి. గడి చిన్నదైనంత మాత్రాన పెద్ద మోడల్‌లోని తప్పు పోదు, అదే తప్పు ఇంకా స్పష్టంగా కనపడుతుంది. "మర్రిగూడ మండలంలో 2047లో ఇన్ని మిల్లీమీటర్లు" అని రంగుల మ్యాప్ చూపించేవాళ్లు ఎదురైతే, ఎన్ని మోడళ్లు చూశారని అడగండి.

ఇంకో విషయం మనవాళ్లు మర్చిపోతుంటారు. జూరాలకు, శ్రీశైలానికి, సాగర్‌కు నీళ్లు ప్రధానంగా మన వానతో రావు. కృష్ణమ్మ పుట్టేది మహాబలేశ్వరంలో. ఆయకట్టు రైతుకు తన ఊరి వాన అంచనా కంటే పశ్చిమ కనుమల వాన అంచనా ముఖ్యం. బోరు మీద, కుంట మీద బతికే నారాయణపేట, దేవరకొండ, మునుగోడు వైపు రైతుకు మాత్రం సొంత ఊరి వానే దిక్కు. ఒకే జిల్లాలో ఇద్దరు రైతులు రెండు వేరువేరు అంచనాలు చూడాల్సి ఉంటుంది.

2023లో సాగర్‌లో నీళ్లు లేవు, 2024లో ఎడమ కాలువకు గండి పడింది. ఇది వాతావరణ మార్పేనా?

2023 ఆగస్టు దేశంలో 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నింటిలో అతి తక్కువ వాన పడిన నెల. ఆ ఏడాది ఎల్ నినో ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో కోదాడ, ఖమ్మం వైపు కుండపోత, వరద. ఒక్కో ఏడాదిని చూసి "ఇది అదే" అని ముద్ర వేయడం సరికాదు. ఇప్పుడు దీన్ని పరీక్షించే పద్ధతి వచ్చింది. మనుషులు వదిలిన వాయువులు ఉన్న ప్రపంచాన్ని, లేని ప్రపంచాన్ని మోడల్‌లో వేలసార్లు నడిపి, అలాంటి ఘటన ఎందులో ఎన్నిసార్లు వస్తుందో పోలుస్తారు. ఇరవై ఏళ్ల కిందట ఇది పరిశోధకుల మధ్య చర్చగానే ఉండేది. ఇప్పుడు పెద్ద వడగాలి, పెద్ద వరద వస్తే వారాల్లోనే అధ్యయనం వెలువడుతోంది. వడగాలుల విషయంలో ఈ పద్ధతి బాగా గట్టిది, మన దగ్గరి వానల విషయంలో అంత గట్టిది కాదు.

ఎండల సంగతి?

అంచనాల్లో నాకు అన్నింటికంటే నమ్మకం, అన్నింటికంటే భయం ఉన్నది ఇక్కడే. 2015 మే చివర్లో వడగాలులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. అలాంటి రోజులు పెరుగుతాయన్న విషయంలో మోడళ్ల మధ్య పేచీ లేదు.

థర్మామీటర్‌లో అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. మిర్యాలగూడ చుట్టూ నీళ్లు నిలబెట్టిన వరి మళ్ల మీద పగటి వేడి కాస్త తగ్గినట్టు కనపడుతుంది, కానీ మళ్లలోంచి లేచే ఆవిరి ఉక్కపోతను పెంచుతుంది. నడుం వంచి నాటు వేసే ఆడవాళ్లకు 38 డిగ్రీల ఉక్కపోత, బీడు నేల మీది 43 డిగ్రీల పొడి ఎండ కంటే ప్రమాదకరం కావచ్చు. పెద్ద మోడళ్లలో చాలావాటికి ఈ సాగునీటి లెక్క సరిగ్గా పట్టదు. మన ప్రాంతం మీద ఎక్కువ పరిశోధన జరగాల్సింది ఇక్కడే అని నా గట్టి అభిప్రాయం. కూలి పనివేళలను ఉక్కపోతను బట్టి నిర్ణయించాలంటే ఆ లెక్క చేతిలో ఉండాలి.

రాత్రుళ్లు కూడా వేడెక్కుతున్నాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2004లో తమ పొలాల దీర్ఘకాల లెక్కలు చూపింది: పంట కాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఎండాకాలపు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. మన యాసంగి వరికి అదే అంకె వర్తిస్తుందని చెప్పను. అయితే పూత దశలో 35 డిగ్రీలు దాటితే తాలు గింజలు పెరుగుతాయన్నది మాత్రం రైతులకూ శాస్త్రవేత్తలకూ తెలిసిన సంగతే. అందుకే యాసంగి నాట్లు ఆలస్యం చేయొద్దని చెబుతారు.

కార్తెలు ఇంకా పనికొస్తాయా?

కార్తెలు సూర్యుడి కదలికను బట్టి వస్తాయి కాబట్టి అవి మారవు. మృగశిర జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. మారుతున్నది కార్తెకూ వానకూ మధ్య ఉన్న జత. మొదటి వానకే పత్తి గింజలు పెట్టి, తర్వాత ఇరవై రోజులు ఎండగొడితే మళ్లీ విత్తనం కొనాల్సి వస్తుంది. కార్తెతో పాటు భారత వాతావరణ శాఖ వారపు అంచనా కూడా చూసి పెడితే ఆ దెబ్బ చాలావరకు తప్పుతుంది.

ఏఐ వచ్చింది కదా, ఇంకా ఈ మోడళ్లు ఎందుకు?

రోజువారీ అంచనాల్లో ఏఐ నిజంగా గొప్ప మార్పు తెచ్చింది. 2023లో గూగుల్ డీప్‌మైండ్ తెచ్చిన గ్రాఫ్‌కాస్ట్ పది రోజుల అంచనాను నిమిషంలోపే ఇస్తోంది. కానీ ఏఐ నేర్చుకునేది గతం నుంచి. గతంలో ఎన్నడూ లేనంత వేడి ప్రపంచం గురించి అడిగితే దాన్ని ఒంటరిగా నమ్మలేం, భౌతిక శాస్త్రం చేయి పట్టుకోవాలి. రెండింటినీ కలిపే ప్రయత్నాలు ఇప్పుడు జోరుగా జరుగుతున్నాయి. మన దేశంలో 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడులతో రోజువారీ అంచనా ఇస్తోంది. దాన్ని 2050 అంచనాతో కలపొద్దు, అది రాబోయే కొద్ది రోజుల కోసం.

ప్రాజెక్టులు, చెరువులు కట్టేవాళ్లు ఈ అంచనాలు చూస్తున్నారా?

చూడక తప్పని పరిస్థితి 2009 అక్టోబర్‌లోనే వచ్చింది. ఉత్తర కర్ణాటక, కర్నూలు, పాలమూరు ప్రాంతాల్లో పడ్డ కుండపోతకు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. డ్యామ్‌ను డిజైన్ చేసింది 19 లక్షలకు. అలంపురం నీట మునిగింది. డిజైన్ చేసిన ఇంజినీర్లు తమ కాలానికి ఉన్న రికార్డులు చూసే లెక్క వేశారు. గత రికార్డు రేపటి హద్దు అనుకునే పద్ధతి ఇక చెల్లదు. గొలుసుకట్టు చెరువుల మత్తడి వెడల్పు, కల్వర్టుల సైజు లాంటి చిన్న పనులకు కూడా ఇదే వర్తిస్తుంది. వెడల్పు పెంచడానికి అయ్యే అదనపు ఖర్చు కట్ట తెగితే వచ్చే నష్టం ముందు చాలా తక్కువ.

ఇవాళే కార్బన్ డయాక్సైడ్ వదలడం ఆపేస్తే వేడి పెరగడం ఆగుతుందా?

ఆగుతుంది. ఈ విషయంలో సైన్స్ ఈమధ్యే స్పష్టతకు వచ్చింది. ఎంత ఆపినా ఇంకా దశాబ్దాల పాటు వేడి పెరుగుతూనే ఉంటుందని ఒకప్పుడు అనుకునేవాళ్లు. ప్రపంచం మొత్తం మీద కార్బన్ డయాక్సైడ్ విడుదల నికరంగా సున్నాకు చేరితే (మనం వదిలేది, తిరిగి తీసేది సమానమైతే), కొన్నేళ్లలోనే ఉష్ణోగ్రత పెరుగుదల దాదాపు ఆగిపోతుందని ఇప్పటి మోడళ్లు చూపుతున్నాయి. అప్పటికే పెరిగినది వెంటనే తగ్గదు, సముద్ర మట్టం శతాబ్దాలు పెరుగుతూనే ఉంటుంది. కానీ "ఎట్లాగూ చేయి దాటిపోయింది" అనే మాటకు ఆధారం లేదు. పరిశ్రమలు రాకముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280). 1958లో హవాయిలో కొలతలు మొదలైనప్పుడు 315. ఇప్పుడు 420 దాటింది. ప్రతి అదనపు టన్నుకూ వేడి పెరుగుతుంది, ఆపిన ప్రతి టన్నుకూ ఆ పెరుగుదల ఆ మేరకు తగ్గుతుంది.

ఎవరైనా మా జిల్లా అంచనా చూపిస్తే ఏం అడగాలి?

ముందుగా, ఏ ఉద్గారాల దారి తీసుకున్నారని అడగండి. 5-8.5 ఒక్కటే చూపిస్తే మధ్యస్థ దారి లెక్క కూడా చూపించమనండి. తర్వాత, ఎప్పటితో పోల్చి ఇంత పెరుగుదల అంటున్నారో అడగండి. 1850తో పోల్చిన 2 డిగ్రీలు, 2000తో పోల్చిన 2 డిగ్రీలు ఒకటి కావు. ఎన్ని మోడళ్లు చూశారు, అవి ఒకే దిశలో ఉన్నాయా? వాన విషయంలో ఈ ప్రశ్న తప్పనిసరి. చివరగా, ఆ మోడల్ మన జిల్లాలో గత ముప్ఫై ఏళ్ల వానను సరిగ్గా చూపిందా లేదా అడగండి. తెలంగాణలో ఇప్పుడు మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి కాబట్టి ఇటీవలి ఏళ్లనైనా మన సొంత కొలతలతో సరిచూసే వీలుంది. గతాన్నే తప్పు చూపిన మోడల్‌ను నమ్ముకుని బోరు వేయడమో, తోట పీకేయడమో చేయకండి.